చెక్క రైలు పెట్టె, అసలు స్టేషన్

దక్షిణ మధ్య రైల్వే జనరల్ మేనేజర్ గారికి,
రైల్ నిలయం, సికింద్రాబాద్.



హైదరాబాద్ పొలిమేరల్లో ఈ మధ్య ప్రీ వెడ్డింగ్ సెట్ల పార్కులు వెలిశాయి. మీ దృష్టికి వచ్చాయో లేదో. గంటల లెక్కన అద్దె. లోపల ఎర్ర రంగు లండన్ టెలిఫోన్ బూత్ ఒకటి, దాని పక్కన గాలిమర, నాలుగడుగులు వేస్తే ప్లాస్టిక్ పూల ఉయ్యాల, ఆ పక్కన తెల్ల పియానో. కొన్ని చోట్ల రైలు పెట్టె కూడా పెట్టారు. ప్లైవుడ్‌ది. కిటికీలకు ఊచలు, తలుపు పక్కన పట్టుకోవడానికి కడ్డీ, పసుపు బోర్డు మీద ఏదో ఊరి పేరు, అన్నీ ఉంటాయి. పెళ్లి కుదిరిన అమ్మాయి ఆ తలుపులో నిలబడి చెయ్యి చాపుతుంది. అబ్బాయి కింద పరుగెత్తుతున్నట్టు నటిస్తాడు. ఫొటోలకు సాయంగా వచ్చే మా కుర్రాడు పక్కనుంచి ఫ్యాన్ పెట్టి చున్నీ ఎగరేస్తాడు.

బోయిగూడలో పుట్టి పెరిగిన పిల్లలు కూడా అక్కడికే పోతున్నారు. ఇంజన్ కూత వినపడని ఊళ్లో పడుకుంటే నిద్ర పట్టని వాళ్లు, ఇంటి గడప దాటి నడిచిపోయేంత దూరంలో మీ సికింద్రాబాద్ స్టేషన్ ఉన్నవాళ్లు, కారు మాట్లాడుకుని ఊరవతల చెక్క రైలు పక్కన ఫొటో దిగి వస్తున్నారు. కారణం ఒకటే. చెక్క రైలు దగ్గర ‘పర్మిషన్ ఉందా’ అని అడిగేవాళ్లు ఉండరు. ఆ ప్రశ్న గురించే ఈ ఉత్తరం.

నేను పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్‌ని. బోయిగూడలో చిన్న స్టూడియో. ఆధార్‌కీ పాస్‌పోర్టుకీ ఫొటోలు తీస్తూ, సీజన్ రాగానే పెళ్లిళ్లకు పోతుంటాను. ‘అన్నా, మాకు పోజులు వద్దు, నేచురల్‌గా కావాలి.’ లోపలికి వచ్చే జంటలు మొట్టమొదట అనే మాట ఇదే. ఆ వెంటనే ఫోన్ తీసి ఒక రీల్ చూపిస్తారు. అందులో అబ్బాయి అమ్మాయిని ఎత్తుకుని గిరగిరా తిప్పుతుంటాడు, వెనక ఎవరో రంగు పొగ వదులుతుంటారు. పిల్లల తప్పేం లేదు. రిసెప్షన్‌లో ఎల్‌ఈడీ స్క్రీన్ మీద పడేది అదే, చుట్టాల పిల్లలవి చూసిందీ అదే. మా వృత్తివాళ్లమే దానికి క్యాండిడ్ అని పేరు పెట్టి వేరే ప్యాకేజీగా అమ్ముతున్నాం.

మా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా పెద్దలు కుదిర్చిన సంబంధాలు. వరపూజ అయి ఉంటుంది, ముహూర్తం ఇంకా నెలో రెండు నెలలో. రాత్రిళ్లు ఫోన్లో తెల్లారేదాకా మాట్లాడుకుంటారు, ఎదురుపడితే మాట పెగలదు. అతణ్ని ఏమని పిలవాలో ఆమెకు ఇంకా తేలదు. అందుకని అసలు పిలవకుండానే నెట్టుకొస్తుంది. అతను ‘మీరు’ నుంచి ‘నువ్వు’కి దిగి, వెంట వచ్చిన చిన్నమ్మ బిడ్డ చూపు పడగానే మళ్లీ ‘మీరు’కి ఎక్కుతాడు. ఇలాంటి ఇద్దర్ని నిలబెట్టి ‘నుదురూ నుదురూ ఆనించండి, కళ్లు మూసుకోండి’ అంటే ఫొటోలో పడేది బెదురే. ఆ పూటకి వాళ్ల మధ్య ఉన్న దూరం బెంచీ మీద ఓ జానెడు. నా లెక్కలో ఆ జానెడును చెరపకుండా తీసిందే నేచురల్ ఫొటో. పెళ్లయ్యాక అది ఎటూ ఉండదు. ఉన్నప్పుడే తీసుకోవాలి.

దానికి కెమెరా పనితనం కొంతే కావాలి. ఇప్పుడు వచ్చే మిర్రర్‌లెస్ కెమెరాల్లో సైలెంట్ మోడ్ పెడితే షట్టర్ చప్పుడే ఉండదు. 85 ఎంఎం లెన్స్ వేసుకుంటే పది పన్నెండు అడుగులు వెనక్కి జరిగి వాళ్ల మాటలకు అడ్డం రాకుండా తీసుకోవచ్చు. 35 అయితే వాళ్లతోపాటు నడుస్తూ తీయాలి. మొదట్లో కాసేపు కెమెరా మెడలోనే ఉంచుకుని పెళ్లి కార్డుల గురించీ, బంధువుల అలకల గురించీ మాట్లాడిస్తాను. ‘నవ్వండి’ అనే మాట వాడను. ఆ మాట అనగానే మనిషి పళ్లు కనిపిస్తాయి, మనిషి కనిపించడు. చేతులకి ఏదో ఒక పని అప్పజెప్తాను. మోండా మార్కెట్లో మల్లెపూలు బేరం చేయమంటాను, టీ తాగమంటాను. వీటన్నిటికంటే పెద్ద విషయం చోటు. వాళ్లకు అలవాటైన చోటు, లేదా వాళ్లను ఎవరూ పట్టించుకోని చోటు. సెట్టులోకి తీసుకుపోతే ఎంత బిడియం లేని మనిషైనా నటించాల్సిందే. ఉయ్యాల ఉంది కాబట్టి ఊగాలి, పియానో ఉంది కాబట్టి వేళ్లు పెట్టాలి.

ఆ మధ్య మా పేటలోని ఒక టింబర్ డిపోలో తీశాను. అమ్మాయి తండ్రి అక్కడ దుంగలు కొలిచే పని చేస్తాడు. చిన్నప్పుడు బడి వదిలాక ఆమె హోంవర్క్ చేసుకున్నది ఆ టేకు చెక్కల మీద కూర్చునే. రంపం ఆపి ఇంకా ఎంతోసేపు కాలేదు, పైకప్పు రేకు చిల్లుల్లోంచి పడే ఎండలో పొట్టు తేలుతోంది. ఆమె ఒక దుంగ కోతముఖం మీద వేలు పెట్టి వలయాలు లెక్కపెడుతూ ‘ఇది మనకంటే పెద్దది’ అంది. అతను వంగి చూశాడు. అప్పటిదాకా ఇద్దరూ ‘మన’ అనే మాట వాడలేదు. అన్నాక తెలిసింది ఆమెకు, చెవులు ఎర్రబడ్డాయి. నేను చెప్పి చేయించింది ఏమీ లేదు.

అందరి నాన్నలకీ డిపోలు ఉండవు కదా. రెండు గదుల ఇంట్లో ఆరుగురు ఉంటారు, ఫొటో తీయడానికి గోడ ఖాళీ ఉండదు. పార్కుకు పోతే కాపలా మనిషి ఈల వేస్తాడు. ఒక పార్కులో నన్ను ‘కెమెరా లోపల పెట్టు’ అన్నాక, ఆ ఇద్దర్నీ ‘మీరేమవుతారు’ అని అడిగారు. ఉంగరాలు మార్చుకున్న ఫొటో ఫోన్లో వెతికి చూపించాల్సి వచ్చింది. ఆ తర్వాత తీసిన ఏ ఫ్రేములోనూ ఆ అమ్మాయి ముఖం తేరుకోలేదు. ఆ పూట మెమరీ కార్డు మొత్తం పనికిరాకుండా పోయింది. పక్కనే బన్సీలాల్‌పేట మెట్ల బావి ఉంది. చెత్తతో పూడిపోయిన బావిని శుభ్రం చేసి 2022 డిసెంబర్ 5న మళ్లీ తెరిచారు. అప్పటినుంచి లెహంగాలు అక్కడ బాగానే దిగుతున్నాయి. బావి అందమైనదే. మెట్ల మీద నిలబడితే చుట్టూ ఉన్నవాళ్ల కళ్లన్నీ జంట మీదే ఉంటాయి, బిడియస్తులకు అదీ కష్టమే.

ఇక మీ స్టేషన్ సంగతి. ఈ ఊళ్లో ఒక అబ్బాయీ అమ్మాయీ పక్కపక్కన కూర్చుంటే ఎవరూ రెండోసారి చూడని చోటు ఏదైనా ఉందంటే అది ప్లాట్‌ఫాం బెంచీ. అక్కడ అందరూ ఎవరి కోసమో, దేని కోసమో ఎదురుచూస్తున్నవాళ్లే. సంచి మీద తల పెట్టి నిద్రపోయేవాడు ఒకడు, పులిహోర డబ్బా విప్పే కుటుంబం ఒకటి, చార్జర్ పాయింట్ కోసం వెతికే కాలేజీ పిల్లలు. బండి గంట ఆలస్యమైతే ఎంత బిడియం ఉన్నవాళ్లకైనా మాటలు పుడతాయి. అనౌన్స్‌మెంట్ రాగానే ఇద్దరూ ఒక్కసారే తలెత్తుతారు. ఎంఎంటీఎస్ రైలు లోపలికి వచ్చేటప్పుడు గాలికి కొంగు దానంతటదే ఎగురుతుంది, మా కుర్రాడు ఫ్యాన్ మోయక్కర్లేదు.

బోయిగూడ వైపు గేటు బయట టీ బండి దగ్గర ఒక జంటని తీశాను. అబ్బాయి లాలాగూడ వర్క్‌షాపులో పనిచేస్తాడు, అమ్మాయిది పద్మారావునగర్. టీ పొగలు కక్కుతోంది. అతను గ్లాసు అంచు రెండు వేళ్లతో పట్టుకుని, ఊది, ఆమెకిచ్చాడు. ఆమె చున్నీ కొస మడిచి దాంతో అందుకుంది. సరిగ్గా అప్పుడే లోపల మైకులో ఏదో బండి పేరు చదివారు. అతను అలవాటు కొద్దీ ‘ఇరవై నిమిషాలు లేటు’ అన్నాడు, మైకు చెప్పకముందే. ఆమె పకపకా నవ్వింది. వాళ్ల పెళ్లి ఆల్బమ్‌కి అట్ట మీద వేసింది ఆ ఫొటోనే. అట్ట లోపలి పేజీల్లో సెట్టు ఫొటోలు కూడా ఉన్నాయి, అవి వాళ్ల వదిన పట్టుబట్టి తీయించింది. గేటుకు ఇవతల ఉన్నాం కాబట్టి ఆ టీ ఫొటో దొరికింది. పెద్ద కెమెరాతో అవతలికి అడుగుపెడితే కథ వేరేగా ఉండేది.

ఈ ఊరికి ఫొటో కొత్త విద్యేమీ కాదు. లాలా దీన్‌దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచింది 1886లో. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు మొదటి రైలు నడిచి అప్పటికి 12 ఏళ్లు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఆయన ఫొటోగ్రాఫర్, రాజా బిరుదూ అక్కడిదే. ఆయన తీసిన గాజు నెగటివ్‌లు 2,800కు పైగా ఇప్పుడు ఢిల్లీలో ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. నవాబులు, కోటలు, పులి వేటలు, ఫౌజు కవాతులు అందరికీ తెలిసినవే. నాకు వాటికంటే ఎక్కువ నచ్చేది ఆయన 1892లో హైదరాబాద్‌లో పెట్టిన జనానా స్టూడియో. పరదా పాటించే స్త్రీల కోసమే కట్టింది. తీసే మనిషి కూడా ఒక ఇంగ్లిష్ మహిళ, మిసెస్ కెన్నీ-లెవిక్. మగవాడి చూపు పడని చోటు ఇస్తేనే ఆ ముఖాలు తేటపడతాయని దీన్‌దయాళ్‌కు తెలుసు. అందుకని ఉన్న గదిలోనే తెర కట్టి సరిపెట్టలేదు, వేరే చోటే కట్టించాడు. నేను మిమ్మల్ని కట్టమని కూడా అడగడం లేదు. కొత్త స్టేషన్ మీరు ఎలాగూ కడుతున్నారు.

స్టేషన్లో ఫొటోలంటే మీకుండే అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. చాలావాటితో ఏకీభవిస్తాను కూడా. మా వాళ్లలో కొందరికి పట్టాల పిచ్చి ఉంది. చెరో పట్టా మీద నిలబడి చేతులు పట్టుకుని నడవడం, స్లీపర్ల మీద కూర్చోవడం. రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం అది నేరం, ఆరు నెలల దాకా జైలు ఉంది. ఉండాల్సిందే. పట్టాల మీద తీయమని అడిగిన జంటకు నేను అడ్వాన్స్ తిరిగి ఇచ్చేస్తాను. 2020 నవంబర్‌లో మైసూరు దగ్గర తలకాడులో కావేరిలో పుట్టి ఎక్కి ఫొటో దిగబోయి పెళ్లికి సిద్ధమైన జంట మునిగిపోయింది. 2024 ఫిబ్రవరిలో చిత్రదుర్గ జిల్లాలో ఒక కాంట్రాక్టు డాక్టరు ప్రభుత్వాసుపత్రి ఆపరేషన్ థియేటర్లోనే షూట్ పెట్టుకుని ఉద్యోగం పోగొట్టుకున్నాడు. మన దగ్గర దుర్గం చెరువు తీగల వంతెన 2020 సెప్టెంబర్‌లో తెరిచిన కొత్తలో, ఫొటోల కోసం జనం నడిరోడ్డు మీద నిలబడిపోతే జరిమానా వేస్తామని పోలీసులు చెప్పాల్సి వచ్చింది. ఇన్ని చూశాక అధికారి అన్నవాళ్లకు ‘వద్దు’ అనడమే తేలిక.

అయినా ‘వద్దు’ అనని అధికారి ఒకరు మన ఊళ్లోనే కనిపించారు. 2023 సెప్టెంబర్‌లో పంజాగుట్ట పోలీస్ స్టేషన్ దగ్గర, పోలీసు శాఖలోనే పనిచేసే ఒక జంట తీయించుకున్న ప్రీ వెడ్డింగ్ వీడియో ఊరంతా తిరిగింది. యూనిఫాం, సర్కారీ బండి, స్లో మోషన్ నడక, అన్నీ ఉన్నాయందులో. జనం రెండుగా చీలి తిట్టుకున్నారు. అప్పటి నగర కమిషనర్ సీవీ ఆనంద్ బహిరంగంగా చెప్పిన జవాబు నాకు బాగా గుర్తు. పెళ్లి సంబరం కాస్త ఎక్కువైనట్టుందని చురక వేశారు, వాళ్లకు మంచి జరగాలన్నారు, ముందుగా అడిగి ఉంటే తామే ఒప్పుకునేవాళ్లమన్నారు, మిగతావాళ్లు అనుమతి లేకుండా ఇలా చేయొద్దని కూడా చెప్పారు. వీడియో మాత్రం నాకు నచ్చలేదు, అంతా సినిమా పోజే. జవాబు నచ్చింది.

మామూలు జంటలకు ఎక్కడ అడగాలో తెలియదు. సినిమా వాళ్లకు రైల్వేలో పద్ధతి ఉంది. దరఖాస్తు, ఫీజు, డిపాజిట్, అన్నీ చూసుకోవడానికి ప్రొడక్షన్ మేనేజర్ ఉంటాడు. ఒక టీచరమ్మకూ ఒక మెకానిక్కుకూ మేనేజర్ ఎక్కడి నుంచి వస్తాడు? రైల్ నిలయం గేటు ముందు నిలబడి లోపలికి పోవాలా వద్దా అనుకునేలోపు సెలవు అయిపోతుంది. కొచ్చి మెట్రో వాళ్లు 2022లోనే పెళ్లి ఫొటోలకు రేటు కార్డు ప్రకటించారు. ఆగి ఉన్న ఒక పెట్టెకు రెండు గంటలకు 5,000 రూపాయలు, కదిలే పెట్టెకు 8,000. తలుపు తెరిచారు, సంతోషం. రేటు మాత్రం సెట్టు కట్టుకునేవాళ్లకు సరిపోయేది. నేను చెప్పే ఫొటోకు పెట్టె మొత్తం ఖాళీ చేసి ఇవ్వక్కర్లేదు. ఖాళీ చేస్తే అసలు పనికే రాదు.

కాబట్టి అడుగుతున్నది ఇదీ. ఒక జంట, ఒక ఫొటోగ్రాఫర్, ఒక చేతి కెమెరా. లైట్లు, ట్రైపాడ్, రిఫ్లెక్టర్, డ్రోన్, పొగ, డ్రెస్ మార్చుకునే గుడారం, ఏవీ వద్దు. ముగ్గురూ, తోడు వచ్చిన తమ్ముడితో కలిపి నలుగురూ, పది రూపాయల ప్లాట్‌ఫాం టికెట్ కొంటారు. దాని గడువు రెండు గంటలు, మాకు అంతకంటే అక్కర్లేదు. పైన ఇంకో వందో రెండు వందలో రుసుం పెట్టినా కడతాం, రసీదు ఇస్తే చాలు. ఆ రసీదు బోయిగూడ వైపు టికెట్ కౌంటర్లోనే ఇవ్వాలి. ప్లాట్‌ఫాం అంచు గీత దాటకూడదు, ఆగిన బండి తలుపులో వేలాడకూడదు, రద్దీ వేళల్లో రాకూడదు, పండగల ముందు అసలు రాకూడదు అని షరతులు పెట్టండి. ఇంకొక షరతు నేనే చేరుస్తాను. పక్కన కూర్చున్న ప్రయాణికుల ముఖాలు స్పష్టంగా పడిన ఫొటో వాళ్లను అడగకుండా ఎక్కడా పెట్టకూడదు. ఆ బెంచీ మీద వాళ్లకూ మా జంటకున్నంత హక్కు ఉంది. తప్పితే రసీదు రద్దు చేయండి, ఫొటోగ్రాఫర్ పేరు నల్ల జాబితాలో పెట్టండి.

భద్రత మాటేమిటని ఆర్‌పీఎఫ్ వాళ్లు అడుగుతారు, అడగాలి. ప్లాట్‌ఫాం మీద ప్రతి చేతిలోనూ ఫోన్ కెమెరా ఉంది. పేరూ ఆధార్ నంబరూ రాసిచ్చి రసీదు తీసుకుని నిలబడిన ఫొటోగ్రాఫర్, ఎవరో తెలియని ఆ వేల ఫోన్లకంటే మీకు ఎక్కువ తెలిసిన మనిషి.

ఇప్పుడే ఎందుకు అడుగుతున్నానంటే, స్టేషన్ కొత్తగా లేస్తోంది. 2023 ఏప్రిల్ 8న ప్రధాని శంకుస్థాపన చేశారు, ఖర్చు 700 కోట్ల పైమాటే. 2025 ఫిబ్రవరిలో పాత ముఖద్వారం కూల్చినప్పుడు ఆ ఆర్చీల ముందు దిగిన ఫొటో కోసం మా పేటలో చాలా ఇళ్లలో ట్రంకు పెట్టెలు తీశారు. కొందరికే దొరికింది. అన్నేళ్లు ఆ నీడన బతికినా, పక్కనే ఉంది కదా అని చాలామంది దాని ముందు నిలబడలేదు. మా బోయిగూడకు పెద్ద కెమెరాలు గుంపుగా వచ్చింది నాకు గుర్తున్నంతలో 2022 మార్చి 23న, తుక్కు గోదాంలో మంటలు లేచి బిహార్ నుంచి వచ్చిన 11 మంది కూలీలు చనిపోయిన రోజున. వెతికితే మా పేట పేరు మీద ముందుగా వచ్చే బొమ్మలు ఇప్పటికీ అవే. ఇక్కడ పెళ్లిళ్లు కూడా జరుగుతాయి సార్.

కొత్త కట్టడంలో ఎన్నో షాపులకూ ప్రకటనల బోర్డులకూ చోటు కేటాయిస్తారు. మాకు విడిగా ఒక్క గజం కూడా వద్దు. ‘సెల్ఫీ పాయింట్’ అని గుండె బొమ్మ కట్టి పెట్టవద్దని కూడా వేడుకుంటున్నాను. కడితే మళ్లీ అదో సెట్టు అవుతుంది, జంటలు దాని ముందు వరస కడతాయి. మామూలు బెంచీలు, కిటికీ లోంచి పడే మామూలు వెలుతురు చాలు. పొద్దున ఏడు నుంచి తొమ్మిది లోపు అయితే మంచిది. ఆ వెలుతురు ముఖాల మీద మెత్తగా పడుతుంది, ఆఫీసు రద్దీ కూడా అప్పటికింకా పెరగదు. ఆ గంటలు మీకు కుదరకపోతే మధ్యాహ్నమైనా సర్దుకుంటాం.

ముందు ఒక మూడు నెలలు బోయిగూడ వైపు మాత్రమే నడిపి చూడండి. ఇబ్బంది అనిపిస్తే ఆపేయండి. దరఖాస్తు ఫారం ఒకే పేజీ ఉండి, తెలుగులో కూడా ఉంటే సగం పని తేలికవుతుంది. మాఘమాసం ముహూర్తాలకు ఇప్పటికే నా దగ్గర అడ్వాన్సులు ఉన్నాయి. వాటిలో రైల్వే ఉద్యోగుల పిల్లలవీ ఉన్నాయి. వాళ్లకు ఏ రోజు రమ్మని చెప్పాలో మీ జవాబును బట్టి చెబుతాను.

ఇట్లు,
బోయిగూడ ఫొటోగ్రాఫర్ ఒకడు